థామస్ కుక్‌ను ఇంటర్నెట్ చంపలేదు

2019 సెప్టెంబరు 23 తెల్లవారుజామున బ్రిటన్‌కు చెందిన థామస్ కుక్ గ్రూపు మూతపడింది. ఆ సమయానికి ఆ కంపెనీ ద్వారా సెలవులు గడపడానికి వెళ్లినవాళ్లు ప్రపంచమంతటా ఆరు లక్షల మంది ఉన్నారు. వాళ్లలో లక్షన్నర మంది బ్రిటన్ వాళ్లే. స్పెయిన్ తీరంలోనో టర్కీ హోటల్లోనో నిద్ర లేచేసరికి వాళ్లకు తిరుగు విమానం లేదు. 21 వేల మంది ఉద్యోగులకు కొలువు లేదు. మద్యనిషేధ ఉద్యమకారుడు థామస్ కుక్ 1841 జూలైలో లెస్టర్ నుంచి లఫ్‌బరోకు సుమారు ఐదు వందల మందిని షిల్లింగు టికెట్‌తో రైలెక్కించి మొదలుపెట్టిన వ్యాపారం 178 ఏళ్లకు అలా ముగిసింది.

ఆ వారంలోనే అందరూ ఒకే తీర్పు చెప్పేశారు. ఫోన్లో టికెట్, ఫోన్లో హోటల్ దొరుకుతుంటే మధ్యలో కమీషన్ తినే టూర్ ఆపరేటర్ ఎందుకు? కాలం మారింది, ముసలి కంపెనీ మారలేకపోయింది, ఇంటర్నెట్ దాన్ని మింగేసింది. లండన్ పత్రికల్లో పుట్టిన ఈ మాట మన బిజినెస్ పేజీల్లోకీ వచ్చింది. హైదరాబాద్ ఆఫీసు క్యాంటీన్లలో ఇప్పటికీ వినబడుతోంది. ప్యాకేజీ టూరంటే పెద్దవాళ్ల వ్యవహారమనీ, తెలివైనవాడు తన ప్రయాణం తానే కట్టుకుంటాడనీ ఒక స్థిరాభిప్రాయం ఏర్పడిపోయింది.

ఈ తీర్పు తప్పు. ఇంత తప్పుడు తీర్పు ఇన్నేళ్లు చలామణి కావడం వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. రోగమేమిటో తప్పుగా చెబితే మందు కూడా తప్పుగానే పడుతుంది. థామస్ కుక్‌ను చంపిన రోగం మన దేశపు టూర్ వ్యాపారంలోనూ ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం కరువయ్యారు.

థామస్ కుక్ పోయాక ఏం జరిగిందో చూస్తే ఈ వాదన ఎంత బలహీనమో తెలుస్తుంది. కంపెనీ పడిన రెండు నెలలకే, 2019 నవంబరులో, ఈజీజెట్ ‘ఈజీజెట్ హాలిడేస్’ పేరిట ప్యాకేజీ వ్యాపారాన్ని కొత్తగా తెరిచింది. ఈజీజెట్ అంటే ఇంటర్నెట్‌లో చవక టికెట్లు అమ్మి పైకొచ్చిన విమాన సంస్థ. థామస్ కుక్‌ను ముంచిందని జనం అనుకునే కొత్త కాలానికి అదే అసలు ప్రతినిధి. అలాంటి సంస్థ పాతబడిపోయిందన్న వ్యాపారంలోకి ఎందుకు దిగింది? 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ సంస్థకు పన్నుకు ముందు 61 కోట్ల పౌండ్ల లాభం వస్తే, అందులో 19 కోట్లు ఈ హాలిడేస్ విభాగానివే. లీడ్స్ నగరం కేంద్రంగా నడిచే జెట్2 2007లో ప్యాకేజీలు మొదలుపెట్టి, 2023 నాటికి జర్మనీ సంస్థ టుయ్‌ని దాటి బ్రిటన్‌లో అతిపెద్ద టూర్ ఆపరేటర్ అయింది. చచ్చిపోతున్న వ్యాపారంలో కొత్తవాడు పదహారేళ్లలో మొదటి స్థానానికి రాడు.

ఇంకా గట్టి సాక్ష్యం థామస్ కుక్ శరీరంలోనే ఉంది. కంపెనీ ముక్కలైనప్పుడు ఆ ముక్కల్లో చాలా భాగం బతికింది. జర్మనీలోని విమాన సంస్థ కాండార్‌కు అక్కడి ప్రభుత్వం 38 కోట్ల యూరోల రుణం ఇచ్చి నిలబెట్టింది. అది నేటికీ ఎగురుతోంది. స్కాండినేవియాలోని వింగ్, స్పీస్ శాఖలను కొత్త యజమానులు కొనుక్కుని నడుపుతున్నారు. ఇక అన్నిటికంటే కాలం చెల్లినవని అందరూ వేలెత్తి చూపించినవి వీధుల్లోని బుకింగ్ దుకాణాలు. బ్రిటన్‌లో మిగిలిన 555 దుకాణాలను సండర్‌ల్యాండ్‌కు చెందిన హేస్ ట్రావెల్ అనే కుటుంబ సంస్థ గంపగుత్తగా కొనేసింది. ఆరు నెలలు తిరక్కుండా కోవిడ్ వచ్చిపడి కొన్నిటిని మూసేయాల్సి వచ్చినా, హేస్ ఇప్పటికీ దుకాణాలతోనే వ్యాపారం చేస్తోంది. జర్మనీ విమానాలు బతికాయి, స్కాండినేవియా శాఖలు బతికాయి, దుకాణాలు కూడా బతికాయి. బతకనివి బ్రిటన్ విమాన విభాగం, వీటన్నిటి నెత్తిన అప్పుల మూటతో కూర్చున్న మాతృసంస్థ.

టూర్ ఆపరేటర్‌ను దళారీ అనుకోవడంలోనే అసలు పొరపాటు ఉంది. దళారీ సరుకు కొనడు. అమ్మేవాడినీ కొనేవాడినీ కలిపి తన వాటా తీసుకుంటాడు. సరుకు అమ్ముడుపోకపోతే అతనికి పోయేదేమీ లేదు. ఆ పని ఇవాళ ఎవరు చేస్తున్నారో చూస్తే ముందుగా కనిపించేవి హోటల్ బుకింగ్ వెబ్‌సైట్లే. వాటికి సొంత గదుల్లేవు, గది ఖాళీగా ఉంటే నష్టమూ లేదు. హోటల్ యజమాని ఇచ్చే బిల్లులో వందకు పదిహేను రూపాయలో అంతకన్నా ఎక్కువో వాటికి కమీషన్‌గా పోతుంది. ప్యాకేజీ ఆపరేటర్ చేసేది పూర్తిగా వేరే పని. మామిడి తోటను పూత మీదే గుత్తకు తీసుకునే వ్యాపారిని కృష్ణా జిల్లాలోనో చిత్తూరులోనో చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కాపు ఎలా ఉంటుందో, ధర ఎంత పలుకుతుందో తెలియకముందే డబ్బుకు మాట ఇచ్చేస్తాడు. గాలివాన వస్తే ఆ నష్టం రైతుది కాదు, అతనిది.

యూరప్ ఆపరేటర్ వచ్చే ఏడాది వేసవి గదుల కోసం ఈ ఏడాది వేసవి కాకముందే మయోర్కాకో, అంటాల్యాకో, క్రీట్‌కో తన కాంట్రాక్టింగ్ మనుషులను పంపుతాడు. వాళ్లు రెండు రకాల ఒప్పందాలు చేసుకుంటారు. ఒకటి అలాట్‌మెంట్. ఫలానా తేదీలోపు అమ్ముడుపోని గదులను హోటల్‌కు తిరిగి ఇచ్చేయవచ్చు. రెండోది గ్యారంటీ. గది అమ్ముడుపోయినా, పోకపోయినా డబ్బు కట్టాల్సిందే. బదులుగా ధర బాగా తగ్గుతుంది. కొన్నిచోట్ల హోటల్ యజమానికి కొత్త అంతస్తు కట్టుకోవడానికి, ఈతకొలను బాగుచేసుకోవడానికి ఆపరేటరే ముందుగా డబ్బిస్తాడు. స్పెయిన్ తీరపు హోటళ్లలో చాలా భాగం 1960లలో ఇలాంటి అడ్వాన్సుల మీద లేచినవే.

విమానం లెక్క ఇంకా కఠినమైనది. 189 సీట్ల బోయింగ్ 737-800ను ఒక ఆపరేటర్ సీజన్ మొత్తానికి వారానికి ఒకసారి చొప్పున మాట్లాడుకున్నాడనుకుందాం. 25 బ్యాచ్‌లు వెళ్లి వారం ఉండి రావాలి. మొదటి వారం విమానం నిండుగా వెళ్లి ఖాళీగా వస్తుంది, ఎందుకంటే తీసుకురావడానికి అక్కడ ఇంకా ఎవరూ లేరు. ఆఖరి వారం ఖాళీగా వెళ్లి నిండుగా వస్తుంది. అంటే 25 బ్యాచ్‌ల కోసం 26 రానుపోను ఖర్చు భరించాలి. ఈ వ్యాపారంలో లాభం సాధారణంగా అమ్మకాల మీద వందకు మూడు నుంచి ఆరు దాకా ఉంటుంది. 189 సీట్లలో పది ఖాళీగా ఉన్నాయంటే ఐదు శాతం పోయినట్టే. లాభమంతా ఆ పది సీట్లలోనే ఉంది. చివరి వారాల్లో ప్యాకేజీలు సగం ధరకు కనిపించడానికి కారణం ఇదే. ఆ గదికీ ఆ సీటుకూ డబ్బు కడతానని ఆపరేటర్ ఎప్పుడో మాట ఇచ్చేశాడు. ఇప్పుడు ఎంత వచ్చినా వచ్చిందే.

ఇలా ముందే గంపగుత్తగా కొనడమే ఈ వ్యాపారానికి పుట్టుక. 1950 మేలో రాయిటర్స్ మాజీ ఉద్యోగి వ్లాదిమిర్ రైట్జ్, తాను పెట్టిన హొరైజన్ హాలిడేస్ తరఫున లండన్ దగ్గరి గాట్విక్ నుంచి కోర్సికా ద్వీపంలోని కాల్వీకి చార్టర్ విమానం నడిపాడు. విమానం, గుడారంలో బస, భోజనం అన్నీ కలిపి 32 పౌండ్ల 10 షిల్లింగులు. సర్కారు విమాన సంస్థ వ్యాపారం దెబ్బతింటుందని ప్రభుత్వం మొదట విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ మాత్రమే అమ్మాలని షరతు పెట్టింది. అప్పటిదాకా మధ్యధరా సముద్రపు ఎండ ధనవంతుల సొత్తు. గుమస్తాలకూ ఫ్యాక్టరీ కార్మికులకూ దాన్ని అందుబాటులోకి తెచ్చినది ఈ గుత్త కొనుగోలు లెక్కే.

కరెన్సీ, ఇంధనం సంగతి కూడా ఉంది. బ్రిటన్ ఆపరేటర్‌కు వచ్చేది పౌండ్లలో. హోటల్‌కు కట్టేది యూరోల్లో, విమాన ఇంధనానికి డాలర్లలో. ధర మాత్రం ఏడాది ముందే బ్రోచర్లో వేసేశాడు. ఐరోపా చట్టం ప్రకారం బుకింగ్ అయ్యాక ధర ఎనిమిది శాతం మించి పెంచితే కస్టమర్ రద్దు చేసుకుని మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. అందుకే కరెన్సీకీ ఇంధనానికీ ముందే ధర ఖాయం చేసుకునే హెడ్జింగ్ ఒప్పందాలు చేసుకోవాలి. 2019లో బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలను ఎగరకుండా ఆపేసినప్పుడు టుయ్ బదులు విమానాలు అద్దెకు తెచ్చుకుని సుమారు 29 కోట్ల యూరోలు నష్టపోయింది. ఆ వేసవి ప్యాకేజీలు అప్పటికే అమ్మేసి ఉన్నాయి కాబట్టి ఆ భారం కంపెనీయే మోసింది.

ఇంత సాహసానికి పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న. ప్రయాణికుడి జేబులోంచి వస్తుంది. జనవరిలో అడ్వాన్సు, బయల్దేరడానికి పది పన్నెండు వారాల ముందు మిగతా మొత్తం. హోటల్ యజమానికి మాత్రం అతిథి గది ఖాళీ చేసిన రెండు మూడు నెలలకు గానీ డబ్బు అందదు. మధ్యలో ఆ డబ్బు ఆపరేటర్ దగ్గరే తిరుగుతుంది. వేసవి మొదట్లో ఖజానా పొంగి పొర్లుతుంది. హోటళ్ల బకాయిలు తీర్చాక డిసెంబరుకు అడుగంటుతుంది. మళ్లీ జనవరి బుకింగ్‌లు వస్తే తేరుకుంటుంది. క్రమశిక్షణ ఉన్న కంపెనీ పొంగినప్పటి డబ్బు తనది కాదని గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తు తప్పిన కంపెనీ దాన్ని చూసి పెద్ద కొనుగోళ్లకు దిగుతుంది.

థామస్ కుక్ చేసింది అదే. 2007లో మైట్రావెల్ అనే పోటీ కంపెనీని కలిపేసుకుంది. కొన్నేళ్ల క్రితమే నష్టాల్లో మునిగి తేలిన కంపెనీ అది. 2011లో కోఆపరేటివ్ ట్రావెల్ దుకాణాలను కలుపుకుంది. ఆ ఏడాది నవంబరులోనే బ్యాంకుల కాళ్లు పట్టుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి పడేదాకా వడ్డీల కిందే వంద కోట్ల పౌండ్లకు పైగా పోశారు. ఏటా 30 లక్షల ప్యాకేజీలు అమ్మితే గానీ వడ్డీకి సరిపోదని పత్రికలు లెక్కగట్టాయి. 2018లో అమ్మకాలు 960 కోట్ల పౌండ్లు, నిర్వహణ లాభం 25 కోట్లు. అంటే జనం వచ్చారు, కొన్నారు, వెళ్లివచ్చారు. ఇంటర్నెట్ వాళ్లను ఎత్తుకుపోలేదు. సంపాదించినదంతా వడ్డీ మింగేసింది. 2019 మేలో ప్రకటించిన అర్ధ సంవత్సర నష్టం 150 కోట్ల పౌండ్లు. అందులో 110 కోట్లు పన్నెండేళ్ల నాటి మైట్రావెల్ కొనుగోలు తాలూకు గుడ్‌విల్ రద్దే. అంటే ఆ కంపెనీకి అంత విలువ లేదని చివరికి పుస్తకాల్లో ఒప్పుకున్నారు.

చివరి ఘట్టం మరీ స్పష్టంగా చెబుతుంది. చైనా కంపెనీ ఫోసున్, బ్యాంకులు కలిసి 90 కోట్ల పౌండ్లతో ఆదుకోవడానికి దాదాపు ఒప్పుకున్నాయి. అప్పుడు బ్యాంకులు ఇంకో 20 కోట్లు కావాలన్నాయి. ఎందుకు? చలికాలంలో ఖజానా అడుగంటినప్పుడు పనికొస్తుందని. ఆ 20 కోట్లు దొరక్కపోవడంతో కంపెనీ పడిపోయింది. తేదీ చూడండి. సెప్టెంబరు నెలాఖరు. వేసవి డబ్బంతా వసూలైపోయింది, హోటళ్లకు కట్టాల్సిన జూలై, ఆగస్టు బకాయిలు ఇంకా నెత్తిన ఉన్నాయి. ఈ వ్యాపారానికి ఎక్కువ ప్రమాదం ఈ వారాల్లోనే.

అందుకే దెబ్బ హోటళ్ల మీద పడింది. స్పెయిన్, టర్కీ, గ్రీస్, ట్యునీషియా హోటల్ యజమానులు ఆ వేసవి ముమ్మరంలో పెట్టిన అన్నానికీ ఇచ్చిన మంచాలకూ డబ్బు చూడలేదు. కంపెనీ పడడానికి రెండు రోజుల ముందు ట్యునీషియాలోని హమ్మామెత్‌లో ఒక హోటల్ గేట్లు మూసి, డబ్బు కడితే గానీ వెళ్లనివ్వమని బ్రిటన్ పర్యాటకులను ఆపేసింది. ఆ పర్యాటకులు అప్పటికే పూర్తిగా చెల్లించినవాళ్లు. హోటల్‌కు ఆ డబ్బు అందలేదు. ఇద్దరి మధ్యా డబ్బు ఎక్కడికి పోయిందో చెప్పకుండా ‘ఇంటర్నెట్’ అని తేల్చేయడం ఆ ఇద్దరికీ చేసే అన్యాయం. అక్టోబరులో బ్రిటన్ పార్లమెంటు వాణిజ్య కమిటీ కంపెనీ పెద్దలను పిలిచి జీతాలు, బోనస్‌ల గురించి నిలదీసింది. కానీ కథగా నిలిచిపోయింది మాత్రం ఇంటర్నెట్టే. ఆ పెద్దలకు అంతకంటే అనువైన కథ ఏముంటుంది?

వెబ్ అమ్మకాల్లో థామస్ కుక్ ఆలస్యంగా మేలుకున్న మాట నిజం. దుకాణాల అద్దెలు బరువయ్యాయన్నదీ నిజం. చవక విమానాలు లాభాల్ని కోసేశాయన్నదీ నిజమే. కానీ ఈ మూడూ టుయ్‌కీ వర్తిస్తాయి. జర్మనీ గనులు, ఉక్కు కంపెనీ ప్రొయ్‌సాగ్ తన పాత వ్యాపారాలు వదిలి టుయ్‌గా మారి, హోటళ్లలో, క్రూజ్ ఓడల్లో సొంత వాటాలు పెట్టుకుంది. 2024 ఆర్థిక సంవత్సరంలో దాని అమ్మకాలు 2,320 కోట్ల యూరోలు, నిర్వహణ లాభం సుమారు 130 కోట్లు. అందులో ముప్పాతిక వంతుకు పైగా హోటళ్ల నుంచి, ఓడల నుంచి వచ్చినదే. టుయ్ కూడా నిష్కళంకం కాదు. కోవిడ్‌లో జర్మనీ ప్రభుత్వం వందల కోట్ల యూరోలు పోస్తే గానీ నిలబడలేదు. 2023లో ఆ సాయం తిరిగి చెల్లించింది. ఒకే గాలివానలో ఒక చెట్టు కూలి మరొకటి నిలిస్తే వేళ్ల గురించి అడగాలి.

అదే 2019లో మన దేశంలోనూ ఒక పాత పేరు నేలకూలింది. 1758 నాటి మూలాలున్న కాక్స్ అండ్ కింగ్స్. యూరప్ టూరంటే మధ్యతరగతి నమ్మకంగా డబ్బు కట్టిన కంపెనీ. జూన్‌లో స్వల్పకాలిక రుణపత్రాలు చెల్లించలేక చేతులెత్తేసింది. అక్టోబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. దాని వెనుక కథ చూస్తే 2011లో హాలిడేబ్రేక్ అనే బ్రిటన్ కంపెనీని 30 కోట్ల పౌండ్లకు పైగా పెట్టి, ప్రధానంగా అప్పు తెచ్చి కొన్న వైనం కనిపిస్తుంది. లెక్కల్లో అక్రమాల ఆరోపణలపై ఈడీ దర్యాప్తు వేరే కథ. ఇక్కడా జనం టూర్లు మానేయలేదు. కంపెనీ అప్పులు కొనుక్కుంది. టూర్‌కు డబ్బు కట్టి కూర్చున్న కుటుంబాలు వేల కోట్ల రూపాయల బ్యాంకు బకాయిల వెనుక వరసలో నిలబడ్డాయి.

ఇక ‘తెలివైనవాడు తానే బుక్ చేసుకుంటాడు’ అన్న మాట. ఏ ఊరికైనా నేరుగా వెళ్లి బంధువుల ఇంట్లోనో చిన్న లాడ్జిలోనో ఉండేవాడికి అది సరే. కానీ కష్టం వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. 2023 జూలైలో గ్రీస్‌లోని రోడ్స్ ద్వీపంలో కార్చిచ్చు చెలరేగి 19 వేల మందిని తరలించాల్సి వచ్చింది. టుయ్, జెట్2 తమ ప్యాకేజీలు రద్దు చేసి డబ్బు తిరిగి ఇచ్చాయి, ఖాళీ విమానాలు పంపి తమవాళ్లను తెచ్చుకున్నాయి. టికెట్ ఒకచోట, హోటల్ ఇంకోచోట కొనుక్కున్నవాళ్లకు విమానం ఎగురుతూనే ఉంటే టికెట్ డబ్బు రాదు, ‘నాన్ రిఫండబుల్’ గది డబ్బు రాదు. 2024 జూన్‌లో మ్యూనిక్‌కు చెందిన ఎఫ్‌టీఐ గ్రూపు దివాలా తీసింది. యూరప్‌లో మూడో పెద్ద టూర్ కంపెనీ అది. ప్యాకేజీ కొన్నవాళ్లకు జర్మనీ ట్రావెల్ భద్రతా నిధి డబ్బు తిరిగి ఇచ్చింది. థామస్ కుక్ పతనం చూశాకే 2021లో పెట్టుకున్న నిధి అది. అదే కంపెనీ ద్వారా ఒట్టి హోటలో ఒట్టి కారో బుక్ చేసుకున్నవాళ్లకు ఆ నిధి వర్తించలేదు.

ప్యాకేజీ అంటే బాధ్యత కూడా. 2006లో గ్రీస్‌లోని కోర్ఫు ద్వీపంలో థామస్ కుక్ ద్వారా వెళ్లిన ఒక కుటుంబంలో ఇద్దరు చిన్నపిల్లలు హోటల్ బంగ్లాలో కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకు బలయ్యారు. 2015లో బ్రిటన్ విచారణ జ్యూరీ, కంపెనీ తన కర్తవ్యాన్ని విస్మరించిందని తేల్చింది. హోటల్ తప్పు మాదా అని తప్పించుకునే వీలు ఆ కంపెనీకి లేకపోయింది. ఆ పిల్లల తల్లిదండ్రులకు ఏ తీర్పూ సరిపోదు. అయినా జవాబు చెప్పాల్సినవాడు ఒకడున్నాడన్న సంగతి చట్టంలో ఉంది. గదిని చూపించే వెబ్‌సైట్ అయితే తాను వేదిక మాత్రమేనంటుంది.

బ్రిటన్‌కు ఈ రక్షణ ఊరికే రాలేదు. 1974 ఆగస్టు 15న కోర్ట్ లైన్ గ్రూపు, దానితోపాటు క్లార్క్‌సన్స్ అనే అతిపెద్ద ప్యాకేజీ కంపెనీ ఒక్కరోజులో మూతపడ్డాయి. పోటీలో నష్టానికి అమ్మీ అమ్మీ క్లార్క్‌సన్స్ చితికిపోయింది. రైట్జ్ మొదలుపెట్టిన హొరైజన్ కూడా అప్పటికి అదే గ్రూపు చేతిలో ఉంది. పదుల వేల మంది విదేశాల్లో చిక్కుకున్నారు. అప్పటికి ఇంటర్నెట్ లేదు. నష్టానికి అమ్మకం, వినియోగదారుల డబ్బుతో జూదం మాత్రం ఉన్నాయి. మరుసటి ఏడాది పార్లమెంటు చట్టం చేసి భద్రతా నిధి పెట్టింది. నేడు అటాల్ లైసెన్సు లేకుండా అక్కడ విమాన ప్యాకేజీ అమ్మకూడదు. ఒక్కో ప్రయాణికుడి మీద 2.50 పౌండ్లు ఆ నిధికి చేరుతుంది. 2019లో ‘ఆపరేషన్ మాటర్‌హార్న్’ పేరుతో రెండు వారాల్లో దాదాపు లక్షా నలభై వేల మందిని స్వదేశానికి చేర్చింది, ముందు బుకింగ్‌లకు డబ్బు తిరిగి ఇచ్చింది ఈ ఏర్పాటే. ప్రభుత్వ ఖజానాకూ చేతి చమురు వదిలింది. అందుకే బ్రిటన్‌లో ఆ తర్వాత చర్చ వినియోగదారుల డబ్బును విడి ఖాతాలో ఉంచాలా అన్నదాని మీద నడిచింది. ఆన్ ద బీచ్ అనే కంపెనీ ప్రయాణం పూర్తయ్యేదాకా ఆ డబ్బును ట్రస్టు ఖాతాలోనే ఉంచుతుంది. అది ప్రధానంగా ఇంటర్నెట్ మీద ప్యాకేజీలు అమ్మే కంపెనీ.

మన దగ్గర ఆ చర్చే లేదు. థామస్ కుక్ పడిన రోజు థామస్ కుక్ ఇండియా వివరణల మీద వివరణలు ఇచ్చుకోవాల్సి వచ్చింది. బ్రిటన్ గ్రూపుతో దానికి 2012 నుంచే సంబంధం లేదు. ఆ ఏడాది దాన్ని కొన్న కెనడా సంస్థ ఫెయిర్‌ఫాక్స్ అధిపతి ప్రేమ్ వాట్సా హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాడే. పేరు ఒకటే కావడంతో జనం భయపడ్డారు. ఆ భయం సహేతుకం. మన దేశంలో ఏ టూర్ కంపెనీ పడిపోయినా కట్టిన డబ్బును చట్టప్రకారం కాపాడే నిధి లేదు. అడ్వాన్సులు విడి ఖాతాలో ఉంచాలన్న నిబంధన లేదు. పర్యాటక శాఖ గుర్తింపు కూడా కంపెనీ ఇష్టమే.

ఇదే వ్యాపారంలో ఇతరుల డబ్బుకు మాత్రం పటిష్ఠమైన భద్రత ఉంది. విమాన టికెట్లు అమ్మే ఏజెంట్ విమాన సంస్థల సంఘం అయాటాకు బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి, ఎయిర్‌లైన్ డబ్బు మునగకుండా. విదేశీ ప్యాకేజీ కొంటే 2020 అక్టోబరు నుంచి ఆపరేటర్ టీసీఎస్ పన్ను వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాలి. ఆ మొత్తాన్ని తరువాత ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. విమాన సంస్థ డబ్బు భద్రం, సర్కారు డబ్బు భద్రం. గుంటూరులోనో కరీంనగర్‌లోనో పిల్లల పెళ్లిళ్లు చేసేసి, రిటైర్మెంట్ డబ్బులోంచి తీసి యూరప్ చూడాలని లక్షలు కట్టిన దంపతుల డబ్బు ఒక్కటే గాలిలో ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కానీ కంపెనీ దివాలా తీశాక చేతికొచ్చే ఉత్తర్వుతో బ్యాంకుల ముందు నిలబడలేరు.

దీనికి దూరం వెళ్లి నమూనా వెతకనక్కర్లేదు. రెరా చట్టం 2016లో వచ్చింది. ఫ్లాట్ కొన్నవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతాన్ని బిల్డర్ విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టుకే ఖర్చు పెట్టాలంది. దివాలా చట్టాన్ని 2018లో సవరించి ఇళ్ల కొనుగోలుదారులకు ఆర్థిక రుణదాతల హోదా ఇచ్చారు. కట్టని ఇంటికి అడ్వాన్సు ఇచ్చినవాడికి, వెళ్లని ప్రయాణానికి అడ్వాన్సు ఇచ్చినవాడికి న్యాయంలో తేడా ఉండకూడదు. అయినా టూర్ రంగంలో ఈ మాట ఎత్తితే చాలు, ‘ఈ కాలంలో ప్యాకేజీలు ఎవరు కొంటున్నారు, అంతా ఆన్‌లైనే కదా’ అని కొట్టిపారేస్తారు. తప్పుడు తీర్పు చేసే కీడు ఇదే. పాతబడి పోతున్న వ్యాపారానికి కొత్త చట్టమెందుకన్న సాకు దొరుకుతుంది. శంషాబాద్ నుంచి బ్యాంకాక్‌కో బాలికో బయల్దేరే బృందాలను చూస్తే ఆ వ్యాపారం ఎంత సజీవంగా ఉందో తెలుస్తుంది.

చట్టం వచ్చేదాకా ఏ కంపెనీకి డబ్బు కట్టేవాళ్లైనా అడగాల్సిన ప్రశ్నలున్నాయి. అడ్వాన్సు ఏ ఖాతాలోకి వెళుతుంది? వీసా రాకపోతే ఎంత వెనక్కి వస్తుంది? హోటల్ పేరు ఇప్పుడే చెబుతారా, ‘అదే స్థాయి హోటల్’ అంటారా? తిరుగు టికెట్ పీఎన్‌ఆర్ ఎప్పుడు ఇస్తారు? విమాన సంస్థ మూతపడితే ఎవరు బాధ్యులు? 2023 మేలో గో ఫస్ట్ విమానాలు ఆగిపోయినప్పుడు ఆ ఎయిర్‌లైన్‌కు కట్టిన డబ్బు ఇరుక్కుని ఏజెంట్లూ ప్రయాణికులూ ఒకరినొకరు నిలదీసుకున్నారు. ప్రభుత్వం చేయాల్సిందీ స్పష్టమే. అడ్వాన్సులకు విడి ఖాతా, ప్యాకేజీ అమ్మే ప్రతి కంపెనీకీ తప్పనిసరి లైసెన్సు, ప్రయాణికుడికి ఇంత చొప్పున ఒక ఉమ్మడి భద్రతా నిధి. బ్రిటన్ ప్రయాణికుడు ఆ నిధికి కట్టేది మన డబ్బులో మూడు వందల రూపాయలకు కాస్త అటూ ఇటూ. లక్షన్నర రూపాయల టూర్‌లో అది విమానాశ్రయంలో తాగే ఒక కాఫీ ఖర్చు.